టెక్ సందేహాలు: స్క్రీన్ మీద ‘క్లోజ్’, పైపులో మాత్రం నీళ్లు

ప్రశ్న: మా ఫ్యాక్టరీ కూలింగ్ వాటర్ లైనులో 300 మి.మీ. బటర్‌ఫ్లై వాల్వ్ ఉంది. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద పూర్తిగా మూసుకున్నట్టే చూపిస్తోంది. అవతల మాత్రం నీళ్లు వస్తూనే ఉన్నాయి. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, సెన్సర్‌దా?

జవాబు: రెండూ సరిగ్గానే పనిచేస్తూ ఉండొచ్చు. ఈ వాల్వ్‌లో పైపు మధ్యన ఒక గుండ్రటి డిస్క్, దాన్ని తిప్పే షాఫ్టు ఉంటాయి. షాఫ్టు 90 డిగ్రీలు తిరిగితే చాలు, డిస్క్ ప్రవాహానికి అడ్డం తిరిగి చుట్టూ ఉన్న రబ్బరు సీటుకు ఒత్తుకుంటుంది. పెట్రోల్ కారు ఇంజిన్‌కు గాలి అందించే థ్రాటిల్‌లోనూ ఇదే ఏర్పాటు. స్క్రీన్‌కు ‘క్లోజ్’ అని కబురు పంపేది యాక్చుయేటర్ (షాఫ్టును తిప్పే యంత్రం) మీద ఉండే లిమిట్ స్విచ్ బాక్స్. దానికి తెలిసేది బయట షాఫ్టు ఎంత తిరిగిందన్నదే. లోపల డిస్క్ ఎలా ఉందో దానికి తెలియదు.

కాబట్టి ముందు షాఫ్టు కొసన ఉన్న గీత చూడండి. సాధారణంగా అది డిస్క్ ఏ దిశలో ఉందో చెబుతుంది. తర్వాత యాక్చుయేటర్ ఎక్కడ ఆగాలో నిర్ణయించే స్టాప్ బోల్టు, స్విచ్ సెట్టింగ్ సరిచూడండి. అవి బాగుంటే సీటు అరిగి ఉండాలి, లేదా డిస్క్‌ను షాఫ్టుకు బిగించే పిన్ను విరిగి ఉండాలి. అప్పుడు వాల్వ్ విప్పక తప్పదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. మూసిన 300 మి.మీ. డిస్క్ మీద 6 బార్ పీడనం పడితే ఆ బలం 4 టన్నులు దాటుతుంది. స్క్రీన్ మీది ‘క్లోజ్’ను నమ్మి ఆ లైనులోకి మనిషిని దింపకండి. లైను ఖాళీ చేసి, పైపుకు అడ్డంగా బ్లైండ్ ప్లేటు (రంధ్రం లేని లోహపు పలక) వేసి, యాక్చుయేటర్‌కు గాలి, కరెంటు రెండూ ఆపి తాళం పెట్టాకే పని మొదలుపెట్టాలి.

ప్రశ్న: నీళ్లు తక్కువ చాలు కాబట్టి వాల్వ్‌ను కొద్దిగానే తెరిచి నడుపుతున్నాం. గులకరాళ్లు దొర్లుతున్నట్టు శబ్దం, పైపంతా వణుకు. వదిలేయొచ్చా?

జవాబు: వదిలేస్తే డిస్క్ అంచు, రబ్బరు రెండూ పాడవుతాయి. సన్నటి సందులోంచి నీరు దూసుకుపోయేటప్పుడు అక్కడ పీడనం బాగా పడిపోయి ఆవిరి బుడగలు పుడతాయి. కాస్త ముందుకెళ్లి పీడనం పెరగగానే అవి పేలిపోతూ లోహాన్ని కొరికేస్తాయి. దీన్నే క్యావిటేషన్ అంటారు. ప్రవాహాన్ని తగ్గించి నడపాలంటే డిస్క్‌ను సుమారు 30 నుంచి 70 డిగ్రీల మధ్య తెరిచి ఉంచడం మంచిది. ఎప్పుడూ తక్కువ నీళ్లే కావాలంటే అక్కడ పెట్టిన వాల్వ్ సైజు పెద్దదైపోయిందన్నమాట. చిన్న సైజు గానీ గ్లోబ్ వాల్వ్ గానీ పెట్టుకోండి. పంపు మీ చేతిలో ఉంటే నా ఓటు మోటారు వేగాన్ని తగ్గించి పెంచే వీఎఫ్‌డీకే. కరెంటు ఖర్చు పెట్టి పెంచిన పీడనాన్ని మళ్లీ వాల్వ్ దగ్గర వృథా చేయడం ఎందుకు?

ప్రశ్న: గేట్ వాల్వ్ తీసేసి బటర్‌ఫ్లై వాల్వ్ పెట్టుకోవచ్చా? ఆయిల్ లైనుకు పనికొస్తుందా?

జవాబు: నీళ్లు, గాలి లైన్లకు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. బరువు తక్కువ, చోటూ తక్కువే పడుతుంది. షాఫ్టుకు రెండు పక్కలా పీడనం దాదాపు సమంగా పడుతుంది కాబట్టి తిప్పడం తేలిక. అయితే తెరిచినా డిస్క్ దారిలోనే ఉంటుంది. లోపల పిగ్ (పైపు గోడలను గీకుతూ సాగే పరికరం) పంపి శుభ్రం చేసే పెట్రోలియం పైపులైన్లకు ఇది కుదరదు. ఆయిల్‌కైతే రబ్బరు ముఖ్యం. నీటికి వాడే ఈపీడీఎం అనే రకం రబ్బరు సీటు మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బి డిస్క్‌ను పట్టేస్తుంది, అక్కడ నైట్రైల్ రబ్బరు అడగండి. ఆవిరి, బాగా వేడి ద్రవాలకు లోహపు సీటున్న ట్రిపుల్ ఆఫ్‌సెట్ రకం కావాలి.

బిగించేటప్పుడు డిస్క్‌ను కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే రబ్బరు నలిగి మొదటి రోజే లీకవుతుంది. వాల్వ్ మధ్యలో ఉండగా ఫ్లాంజ్ (వాల్వ్‌ను బోల్టులతో బిగించే పైపు కొస చక్రం) వెల్డింగ్ అసలు చేయొద్దు.