రాత్రి రికార్డింగు, ఫ్యాను రొద

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పిల్లల కోసం తెలుగు కథలు చదివి, అందరూ పడుకున్నాక ఇంట్లోనే రికార్డు చేస్తుంటాను. కంప్యూటర్‌లో ఉన్నది రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాంతో వచ్చిన కూలరే వాడుతున్నాను. ఫ్యాను గుయ్యిమంటుంది, ఆగుతుంది, మళ్లీ మొదలు. రెండేళ్లలో బోర్డు, ప్రాసెసర్ మారుద్దామని ఉంది. అప్పటికీ పనికొచ్చే కూలర్ చెప్పండి. నీళ్లతో పనిచేసేది కొనమంటున్నాడు మా తమ్ముడు.
- ఒక పాఠకురాలు

జవాబు: తమ్ముడి మాట ఈసారికి పక్కన పెట్టండమ్మా. నీళ్ల కూలర్‌లో ఫ్యాన్లు ఎలాగూ ఉంటాయి, వాటికి తోడు పంపు ఒకటి. మైకు ఉన్న గదిలో అదో కొత్త రొద.

ముందు పైసా ఖర్చు లేని పని చూడండి. రైజెన్ ఠక్కున వేడెక్కి, అంతే ఠక్కున చల్లారుతుంది. ఫ్యాను దాని వెంట పరుగులు పెడుతుంది. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, 65 డిగ్రీల దాకా ఫ్యాను ఒకే తక్కువ వేగంలో తిరిగేలా పెట్టండి. ఈ ప్రాసెసర్ 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, టెన్షన్ వద్దు.

కొనాల్సింది 120 మిల్లీమీటర్ల ఫ్యానుండే టవర్ కూలర్, అంటే లోహపు రేకులు గోపురంలా నిలువుగా పేర్చి ఉండేది. పెద్ద రెక్క నింపాదిగా తిరిగినా సరిపడా గాలి తోస్తుంది. డీప్‌కూల్ ఏకే400 మీకు చాలు. కానీ ముందుచూపు అంటున్నారు కాబట్టి నా ఓటు థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈకే. రెండు టవర్లు, రెండు ఫ్యాన్లు, కాబట్టి వేగం ఇంకా తగ్గించుకోవచ్చు. రెండు కూలర్లూ 155 మిల్లీమీటర్ల ఎత్తు. మీ కేబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూసుకునే కొనండి. కొలవకుండా కొన్న ఒకాయన, పక్క తలుపు పట్టక, కేబినెట్‌ను చీరకట్టులా తాడుతో చుట్టి నా దగ్గరికి మోసుకొచ్చాడు.

మీది ఏఎం4 సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. 2022లో దీని తరవాతి సాకెట్ ఏఎం5 తెచ్చినప్పుడు, రైజెన్ తయారుచేసే ఏఎండీ సంస్థ కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం మార్చలేదు. తిరకాసంతా బోర్డు వెనక ప్లేటుతోనే. ఏఎం5లో సాకెట్‌ను పట్టి ఉంచేదీ అదే ప్లేటు, దాన్ని తీయకూడదు. తన సొంత ప్లేటు వేసుకునే కూలర్ అక్కడ కూర్చోదు. నేను చెప్పిన రెండింటికీ ఆ బెడద లేదు. ఇంటెల్ వైపు వెళితే పట్టీలు వేరు, అవీ డబ్బాలోనే వస్తాయి. డబ్బా అటక మీద దాచండి.

పాత కూలర్ తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. బరంపురంలో దుకాణం పెట్టిన కొత్తలో స్క్రూలు విప్పి నిటారుగా లాగాను. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దిగడానికి పూసే పేస్టు అంటుకుపోయి ప్రాసెసర్ కూడా ఊడొచ్చింది. ఏఎం4 ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులుంటాయి. ఓ మూల వరస వంగింది, కుట్టుసూదితో రాత్రంతా సరిచేస్తూ కూర్చున్నాను. మీరు కంప్యూటర్‌ను ఓ పావుగంట వాడి, ఆపేసి, ప్లగ్గు పీకి, పేస్టు వెచ్చగా ఉండగానే స్క్రూలు విప్పండి. కూలర్‌ను ఆవకాయ జాడీ మూత తిప్పినట్టు అటూ ఇటూ మెల్లగా తిప్పి, వదులయ్యాకే పైకెత్తండి. ఆ లోపల వెనక ప్లేటు జారిపడకుండా తమ్ముణ్ని పట్టుకోమనండి.