పద్నాలుగు వేల బండి: ఇంజన్ సంగతి సరే, ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. కరెంటు పనులకు రోజూ టౌనుకు పోయి రావాలి. మా మేనమామకు తెలిసిన ఒకాయన 2011 మోడల్ 150 సీసీ బండి 14 వేలకు ఇస్తానంటున్నాడు. ఏపీ 24 నంబరు. ఇంజన్ జామ్ అయి, మెకానిక్ షెడ్డులో విప్పి పెట్టి ఉంది. బోర్, పిస్టన్ చేయిస్తే చాలు, ఎనిమిది వేలలో అయిపోతుందని అమ్మే ఆయన మాట. క్రాంక్ (ఇంజన్ లోపల పిస్టన్‌తో తిరిగే ఇరుసు) కూడా పోయి ఉండొచ్చు, 18 వేల దాకా కావచ్చని మెకానిక్ అంటున్నాడు. లేదంటే తొమ్మిది వేలకు వేరే ఇంజన్ తెచ్చి వేస్తాడట. ఆర్సీ ఇంకా మొదటి ఓనర్ పేరు మీదే ఉంది. దాని మీద ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా ఉంది. ఓనర్ పేరు మార్చడానికి పెట్టే ఫారం 29, 30 మీద మొదటి ఓనర్ సంతకాలు ఉన్నాయట. ఇన్సూరెన్స్ అయిపోయి మూడేళ్లు. వెయ్యి రూపాయలు అడ్వాన్స్ ఇచ్చాను. కొనొచ్చా? కొన్నాక ఇంజన్ బాగుకాకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చా?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు తెలిస్తే మొదటిది సగం తేలిపోతుంది.

అడగొచ్చు గానీ, రావడం కష్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో మోసం అంటే ఏమిటో చెబుతూ ఒక గుర్రాన్ని ఉదాహరణగా తెచ్చారు. అప్పటికి పెట్రోలు మోటారు సైకిల్ పుట్టలేదు మరి. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్మాడు. జబ్బు సంగతి తెలిసీ చెప్పలేదు. అది మోసమా? కాదంటుంది చట్టం. నోరు మెదపకుండా ఉన్నంత మాత్రాన మోసం కాదు. కొనేది ఇప్పుడే మేజరైన సొంత కూతురైతే మాత్రం, ఆ బంధుత్వం వల్ల చెప్పి తీరాలి. మేనమామకు తెలిసినాయన ఈ లెక్కలోకి రాడు. ఇక మీకు పనికొచ్చేది మూడో ఉదాహరణ. ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా’ అని కొనేవాడు ముందే అంటే, అప్పుడు అమ్మేవాడు ఊరుకోవడం కూడా మాట ఇచ్చినట్టే.

అంటే మీరు అడిగి ఉండాలి. అడిగినట్టు రుజువు ఉండాలి. ‘ఎనిమిది వేలలో అయిపోతుంది’ అన్నది అంచనా, ఆయన అభిప్రాయం. అది తప్పయిందని కోర్టుకు పోతే నిలబడడం కష్టం. ‘క్రాంక్ బాగుంది, నేను చూపించాను’ అని ఉంటే అది వేరే సంగతి. అది నిజానికి సంబంధించిన మాట, అబద్ధమని తేలితే దాని మీద పోట్లాడొచ్చు. కానీ మీ కేసులో ఇంకో చిక్కుంది. క్రాంక్ పోయి ఉండొచ్చని మెకానిక్ మీకు ముందే చెప్పాడు. కాస్త శ్రద్ధ పెడితే తెలిసిపోయే లోపం గురించి, నాకు చెప్పలేదని తర్వాత ఒప్పందం రద్దు చేయమంటే అదే చట్టం 19వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఇంజన్ విప్పి మీ కళ్ల ముందే పెట్టి ఉంది. ఇంతకన్నా చూసుకునే అవకాశం ఇంకేం కావాలని అవతలి లాయరు అడుగుతాడు. నేను అటువైపు ఉన్నా అదే అడుగుతాను.

వస్తువుల అమ్మకం చట్టం, 1930 కూడా అంతే. వ్యాపారి కాని మామూలు మనిషి పాత వస్తువు అమ్మితే, నాణ్యతకు హామీ ఉన్నట్టు చట్టం తనంతట తాను అనుకోదు. వినియోగదారుల కమిషన్‌కు పోదామన్నా, సొంత బండి అమ్ముకునే మనిషి వ్యాపారి కాడు. ఇదే బండి ఒక సెకండ్ హ్యాండ్ కన్సల్టెన్సీలో కొని ఉంటే ఆ దారి తెరిచి ఉండేది. కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు, రెండేళ్ల లోపు వేయాలి. 14 వేల కోసం సివిల్ దావా వేస్తే, ఖర్చులూ వాయిదాలకు పోగొట్టుకునే పని దినాలూ కలిపి బండి ధరను దాటిపోతాయి. ఈ మాట చెప్పడం నా వృత్తికి మంచిది కాదు గానీ, నిజం అదే.

సరే, కొనొచ్చా? ఇంజన్ గురించి నాకంటే మెకానిక్‌కు బాగా తెలుసు. నాకు కనిపిస్తున్న పెద్ద రిపేరు కాగితాలది.

మీకు అమ్ముతున్న ఆయన చట్టం దృష్టిలో ఓనర్ కాడు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్లే ఓనర్. 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఈయన కొన్నప్పుడు ఆ పని చేయలేదు. చేయించుకోకుండా సంతకాలు పెట్టిన ఫారాలు జేబులో పెట్టుకుని తిరిగాడు, ఇప్పుడు వాటిని మీ చేతికిస్తున్నాడు. మన ఊళ్లలో ఇది మామూలే. కానీ ఆ సంతకాలు ఎప్పటివి? ఆ మొదటి ఓనర్ ఇప్పుడు ఎక్కడున్నాడు? ఉన్నాడా అసలు? అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగాలి. చనిపోయి ఉంటే ఆ ఫారాలు చిత్తు కాగితాలే. వారసులు ఫారం 31తో ముందు తమ పేరుకు మార్పించుకుని, ఆ తర్వాత మీకు అమ్మాలి. బతికే ఉన్నా, ఆయన ఆధార్, ఫోను అందుబాటులో లేకపోతే ఆఫీసులో పని కదలడం కష్టం.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒకటుంది. ఒక కారు ఒకరి తర్వాత ఒకరి చేతులు మారింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉండిపోయింది. యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం బాధ్యత ఆ మొదటి ఆయనదే అని తేల్చింది కోర్టు. ‘అయితే నాకేం, భారం పాత ఓనర్‌దే కదా’ అనుకోకండి. బండి నడిపి గుద్దినవాడిగా మీ బాధ్యత ఎక్కడికీ పోదు. పైగా ఆ తీర్పు సంగతి తెలిసిన పాత ఓనర్, తన పేరు మీద బండి ఎవరో నడుపుతున్నారని ఒక రోజు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడంటే, స్టేషన్లో కూర్చుని సంజాయిషీ చెప్పుకునేది మీరే.

ఫైనాన్స్ సంగతి. 2011 నాటి అప్పు ఎప్పుడో తీరి ఉంటుంది, చాలామంది తీర్చేసి హెచ్‌పీ (ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరుతో ఉండే అప్పు నమోదు) క్యాన్సిల్ చేయించడం మరిచిపోతారు. కానీ కిస్తీలు ఎగ్గొట్టి చేతులు మార్చిన బళ్లూ ఉంటాయి. తేల్చేది ఒక్కటే, కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు తీరిందని చెప్పే ఫారం 35. అది లేకుండా మీ పేరు మీదకు బండి మారదు. దాన్ని తెప్పించగలిగేది అప్పు తీసుకున్నవాడే, అంటే మళ్లీ ఆ మొదటి ఓనరే.

ఏపీ నంబరు చూసి ఆంధ్ర బండి అనుకుని కంగారు పడకండి. ఏపీ 24 నల్గొండ జిల్లాకు విభజనకు ముందు ఇచ్చిన సిరీస్. కాబట్టి పక్క రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ, మళ్లీ లైఫ్ ట్యాక్స్ అనే గొడవ ఉండకూడదు. అయినా ఒకసారి రవాణా శాఖ వెబ్‌సైట్లో నంబరు కొట్టి, మధ్యలో ఆంధ్రాకు మారిందేమో చూసుకోండి. అప్పుడే చలాన్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. రాయితీ ఇస్తారులే అని ఏళ్ల తరబడి కట్టకుండా కూర్చున్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ బాకీ బండి నంబరు వెంటే వస్తుంది.

ఇప్పుడు ఆ తొమ్మిది వేల ఇంజన్. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. ఖర్చు సగానికి తగ్గుతుంది కదా అని మీకు అనిపిస్తుంది. కానీ ఆర్సీలో చాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరు కూడా ఉంటుంది. 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్చడానికి ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా మార్చితే 14 రోజుల్లో చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి. అక్కడ ఆ ఇంజన్ ఎక్కడ కొన్నావు, బిల్లేదీ అని అడుగుతారు. పాత సామాన్ల కొట్టులో కొన్నదానికి ఏం చూపిస్తారు?

నా దగ్గరకు ఒక కుర్రాడు వచ్చాడు, మీలాంటి పనివాడే. ఇలాగే వేరే ఇంజన్ వేయించుకున్నాడు. రోడ్డు మీద తనిఖీలో నంబరు కొట్టి చూస్తే, ఆ ఇంజన్ మూడేళ్ల కిందట పోయిన ఇంకో బండిదని తేలింది. దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా అనుమానించడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. తెలియక కొన్నానని చెప్పి బయటపడ్డాడు. కానీ ఆ తిరుగుడుకు ఎన్ని రోజుల కూలి పోయిందో, అతని ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. ఇంజన్ మార్చాలంటే బిల్లుతో, పాత ఆర్సీ కాపీతో, అనుమతితో మార్చాలి. లేదంటే ఉన్న ఇంజన్‌నే బాగుచేయించుకోవాలి. ఇప్పుడు విప్పి ఉన్న ఇంజన్ మీద ఉన్న నంబరు, చాసిస్ నంబరు రెండూ ఆర్సీతో పోల్చి ఫోటో తీసుకోండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వాళ్ల వాహన్ సమన్వయ్ వెబ్‌సైట్లో ఆ నంబర్లు పెడితే దొంగ బళ్ల జాబితాలో ఉందో లేదో చూపిస్తుంది.

లెక్క కూడా చూడండి. 14 వేలు, 18 వేలు కలిపి 32 వేలు. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది, 2011లో రిజిస్టర్ అయి ఉంటే 2026లో తీరిపోతుంది. రెన్యువల్‌కు 2022 ఏప్రిల్ నుంచి టూ వీలర్‌కు వెయ్యి రూపాయలు, గడువు దాటితే నెలకు 300 చొప్పున అదనం. బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలి. అంటే అప్పటికి ఇంజన్ తయారై ఉండాలి, షెడ్డులో ముక్కలుగా ఉంటే కుదరదు. రెన్యువల్ అయితే మరో ఐదేళ్లు. పైన గ్రీన్ ట్యాక్స్. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కు 2022లో ఖరారైన రేటు ప్రకారం 150 సీసీ దాకా ఏడాదికి 714, పన్ను అదనం. ఇది మాత్రం ఎగ్గొట్టకండి. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే చట్టంలో మొదటిసారికి రెండు వేల జరిమానా లేదా మూడు నెలల జైలు లేదా రెండూ. అది చిన్న విషయం. ఎవరికైనా తగిలితే లక్షల్లో పరిహారం సొంతంగా కట్టుకోవాలి, అది పెద్ద విషయం.

షెడ్డు గురించి కూడా ఒక మాట. ఇంజన్ విప్పిన కూలి అమ్మే ఆయన ఇచ్చాడా? ఇవ్వకపోతే ఆ బాకీ తీరేదాకా బండి ఆపుకునే హక్కు మెకానిక్‌కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. మీరు 14 వేలు కట్టాక మెకానిక్ మూడు వేలు అడగొచ్చు. పైగా అంచనా చెప్పేదీ, రిపేరు చేసేదీ, ఇంజన్ తెచ్చేదీ ఒకరే. ఇంకో మెకానిక్‌కు వంద, రెండొందలు ఇచ్చి చూపించండి.

నా సలహా: ఇప్పుడున్న పద్ధతిలో కొనకండి. బండి మీద మరీ మనసుంటే వరస మార్చండి. ముందు మొదటి ఓనర్‌తో ఫోన్లో మీరే మాట్లాడండి. హెచ్‌పీ క్యాన్సిల్ అయ్యాక, ఆయన వచ్చి నేరుగా మీ పేరు మీదకు ట్రాన్స్‌ఫర్‌కు పెట్టాక, మిగతా డబ్బు ఇవ్వండి. ఫోన్‌పే గానీ ఇంకోటి గానీ, యూపీఐలో ఇవ్వండి, చేతికి వద్దు. బండి తీసుకున్న రోజు తేదీతో పాటు టైమ్ కూడా రాసిన డెలివరీ కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. వంద రూపాయల బాండు మీద రాసుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే, అది మీ ఇద్దరి మధ్య ఒప్పందానికి సాక్ష్యమే గానీ ఆర్సీ మార్చదని చెప్పండి.

ఈలోగా అమ్మే ఆయనకు వాట్సాప్‌లో ఇలా పెట్టండి: ‘అన్నా, బండి మీద ఫైనాన్స్ బాకీ లేదు, కేసులు లేవు, క్రాంక్ పోలేదు, షెడ్డులో బాకీ లేదు అని నమ్మి కొంటున్నా. ఇందులో ఏదైనా తప్పైతే ఇప్పుడే చెప్పండి, చెప్పకపోతే నిజమనే అనుకుంటా. ఆర్సీ నా పేరు మీదకు మారకపోతే నా వెయ్యి నాకు ఇచ్చేయాలి.’ గుర్రం కథ మూడో ఉదాహరణలో కొనేవాడు చేసింది ఇదే. ఆ మెసేజ్ తీసేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి.

వెయ్యి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు కాగితాల మాట అనుకోలేదు కాబట్టి, ఇప్పుడు మీరే వద్దంటే ఆయన తిరిగి ఇవ్వనని మొండికేయొచ్చు. హెచ్‌పీ, ఆర్సీ సంగతి తేల్చలేకపోయింది ఆయనే అయితే మాత్రం మీరు గట్టిగా అడగొచ్చు. ఇవ్వకపోతే మీ దగ్గరి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, అక్కడ ఒక అర్జీ ఇవ్వండి. ఫీజు లేదు. ఆయన్ని పిలిపించి మాట్లాడతారు. అంత దూరం పోయే ముందు మేనమామతో ఒకసారి అడిగించండి, వెయ్యి రూపాయల దగ్గర చాలావరకు అక్కడే తేలిపోతుంది.