సూది చూస్తే స్పృహ తప్పే అమ్మకు మిగతా కీమోలు ఎలా?

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర పల్లె. ఎడమ రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయింది, చంకలో గ్రంథులు కూడా తీశారు. 21 రోజులకోసారి కీమోకు హైదరాబాద్ వెళ్తున్నాం. రెండు అయ్యాయి. రెండోసారి రక్తం తీస్తుంటే కుర్చీలోనే కళ్లు తేలేసింది. మూడో కీమో తేదీ దాటి వారమైంది. ‘ఇక నావల్ల కాదు, నన్నొదిలేయండి’ అంటోంది. ‘ఇద్దరు పిల్లల్ని కన్నదానివి, సూదికి భయమా?’ అని నాన్న కసురుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇవాళే ఆసుపత్రికి ఫోన్ చేసి కొత్త తేదీ తీసుకోండి. ఆలస్యానికి ఊళ్లో పనులని సాకు చెప్పకండి. సూది చూసి పడిపోయారని, ఆ భయంతోనే రానంటున్నారని ఉన్నదున్నట్టు చెప్పండి. డే కేర్ నర్సులకు ఇది కొత్తేమీ కాదు. ముందే తెలిస్తే మంచం చూసిపెడతారు, చేయి తిరిగిన నర్సును పంపుతారు. తెలియకపోతే రద్దీలో అందరితోపాటే కుర్చీలో కూర్చోబెట్టి గుచ్చేస్తారు.

నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించండి. పామును చూసి భయపడితే గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. సూదీ రక్తమూ చూసి పడిపోయేవాళ్లలో జరిగేది వేరు. మొదట గుండె వేగం పెరిగి, మరుక్షణమే నెమ్మదించి, బీపీ ఒక్కసారిగా జారిపోతుంది. మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. ఇది శరీరం తనంతట తాను చేసే పని. పురిటి నొప్పులు ఓర్చుకున్న మనిషికైనా రావచ్చు. కసిరితే భయానికి సిగ్గు తోడవుతుంది, అంతే.

అందుకే ‘ఒళ్లు వదులుగా పెట్టుకో’ అనే మామూలు సలహా ఇలాంటివాళ్లకు బెడిసికొడుతుంది. జారుతున్న బీపీ ఇంకా జారుతుంది. చేయాల్సింది దానికి తలకిందులు: కండరాలు బిగించాలి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. అమ్మగారిని కూర్చోబెట్టి తొడలు, పిక్కలు, పొట్ట, కుడి పిడికిలి ఒకేసారి గట్టిగా బిగించమనండి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. 10 నుంచి 15 సెకన్లలో ముఖం వెచ్చబడినట్టు తెలుస్తుంది. అప్పుడు బిగింపు వదలాలి, కానీ సోలిపోయేలా కాదు, మామూలుగా కూర్చునేంత వరకే. 20, 30 సెకన్లు ఆగి మళ్లీ. ఇలా ఐదుసార్లు చేస్తే ఒక విడత. కీమో రోజు వరకు రోజూ మూడు నాలుగు విడతలు చేయించండి. ఆపరేషన్ అయిన ఎడమ వైపు చేతినీ ఛాతీనీ బిగించనక్కర్లేదు. బీపీ ఎక్కువగా ఉన్నా, గుండె జబ్బున్నా ముందు డాక్టర్‌ను అడగండి. సూది గుచ్చేటప్పుడు కుడి చేయి వదులుగానే ఉండాలి, బిగింపంతా కాళ్లలో, పొట్టలో. చెవుల్లో హోరు, చెమట, ఆవలింతలు మొదలైతే అది హెచ్చరిక, వెంటనే బిగించాలి. పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెడితే మరీ మంచిది.

ఇంకో పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. రక్తపరీక్ష అనగానే పరగడుపున బయల్దేరతారు. కీమో ముందు చూసే రక్తకణాల లెక్కకు పరగడుపు అవసరం లేదు. షుగర్‌లాంటివి కూడా రాశారేమో కనుక్కోండి; లేకపోతే ఇడ్లీ తినిపించి, గంట ముందు నుంచి అర లీటరు నీళ్లు తాగించండి. ఒంట్లో నీరుంటే నరం దొరుకుతుంది, కళ్లు తిరగడమూ తగ్గుతుంది. గ్రంథులు తీసిన వైపు గుచ్చరు కాబట్టి అమ్మగారికి మిగిలింది కుడి చేయి ఒక్కటే. ఆ నరాలను జాగ్రత్తగా వాడుకోవాలి. గుచ్చే ముందు ఐదు నిమిషాలు గోరువెచ్చని తడి తువ్వాలు చుట్టి, చేయి కిందికి వేలాడదీయించండి.

నొప్పి తెలియకుండా లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమ్ ఉంటుంది. డాక్టర్‌ను అడిగి రాయించుకోండి. దాన్ని రుద్దకూడదు. నర్సు చూపించిన చోట మందంగా పెట్టి, పైన ప్లాస్టిక్ అంటుపట్టీ వేసి గంటసేపు ఉంచాలి. పావుగంటకే తుడిచేసి ‘పనిచేయలేదు’ అనేవాళ్లే ఎక్కువ. క్రీమ్ వల్ల నరం కాస్త ముడుచుకుంటుంది కాబట్టి తుడిచాక పది నిమిషాలు ఆగి గుచ్చమనండి.

నర్సుతో రెండు ఒప్పందాలు చేసుకోండి. అమ్మగారు ‘ఆగండి’ అంటే ఆగాలి. ఒకరు రెండుసార్లు గుచ్చినా నరం దొరక్కపోతే మూడోసారి వేరొకరు చూడాలి. మిగిలిన కీమోలు చాలా ఉంటే పోర్ట్ గురించి ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టర్‌ను) అడగండి. కాలర్ ఎముక కింద చర్మం లోపల చిన్న డబ్బీ అమరుస్తారు. అప్పుడూ సూది ఉంటుంది, కానీ నరం కోసం వెతుకులాట ఉండదు, అక్కడ క్రీమ్ బాగా పనిచేస్తుంది. పెట్టడం చిన్న ఆపరేషనే కాబట్టి రెండో మూడో మిగిలి ఉంటే అంత అవసరం పడకపోవచ్చు.

ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోవడం వేరే సంగతి. అప్పుడు బిగింపు వద్దు; నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం పది నిమిషాలు చేయించండి. ఆసుపత్రి వాసన తలచుకుంటేనే వాంతి వస్తుంటే అదీ డాక్టర్‌కు చెప్పండి. ఆ రాత్రికీ మర్నాడు పొద్దునకీ ఆందోళన తగ్గించే లోరాజెపామ్‌లాంటి మాత్ర రాయవచ్చు. మీరే కొని వేయకండి. అది వేసుకున్నాక మగతగా ఉంటుంది, పక్కన మనిషి ఉండాలి. మీ ఆసుపత్రిలో కౌన్సెలర్ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

సూది భయం ఉన్నవాళ్లు మౌనంగా ఉండిపోయే చోట్లు రెండున్నాయి. మీరు కాపు కాయాల్సింది అక్కడే. మందు ఎక్కుతుంటే సూది దగ్గర మంట, వాపు వచ్చినా ‘మళ్లీ గుచ్చుతారేమో’ అని నోరు విప్పరు. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ అనే కీమో మందు నరం బయటికి కారితే కండ పుండవుతుంది. అందుకని ఎక్కినంతసేపూ ‘మంటగా ఉందా అమ్మా?’ అని మధ్యమధ్య అడుగుతూ ఉండండి. రెండోది, ఇంటికొచ్చాక జ్వరం. అడ్మిట్ చేసి సెలైన్ పెడతారని దాచేస్తారు. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం ప్రాణాలమీదికి తేవచ్చు. థర్మామీటరు మీ దగ్గరే పెట్టుకుని రోజూ పొద్దునా సాయంత్రం మీరే చూడండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ రాత్రే ఖమ్మంలోనైనా సరే అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, కీమో నడుస్తోందని మొదటి మాటగా చెప్పండి.