డిజైనా, సప్లై చైనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో ఏడాది. వాడికి క్యాడ్ డిజైన్ (కంప్యూటర్‌లో వస్తువుల డ్రాయింగ్‌లు గీయడం) అంటే ఇష్టం. బంధువులేమో సప్లై చైన్ (సరుకు కొనుగోలు, నిల్వ, రవాణా చూసే పని) వైపు పంపమంటున్నారు. ఏది మేలు?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: డిజైన్‌నే ఎంచుకోనివ్వండి. కాకపోతే డ్రాయింగ్ దగ్గరే ఆగిపోకూడదు. గీసిన వస్తువు ఎక్కడ తయారవుతుంది, ఎక్కడ నిల్వ ఉంటుంది, ఎలా చేరుతుంది అన్నవి కూడా సగం డిజైన్ బల్ల మీదే తేలిపోతాయి.

హెచ్‌పీ డెస్క్‌జెట్ ప్రింటర్ల సంగతే చూడండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న వాంకూవర్ ప్లాంటు నుంచి అవి ఓడలో ఐరోపా చేరడానికి నెల రోజుల దాకా పట్టేది. ఒక్కో దేశానికి ప్లగ్గు, పవర్ సప్లై, మాన్యువల్ భాష వేరు. అన్నీ ఫ్యాక్టరీలోనే అమర్చి పంపేవారు. దాంతో ఒక దేశం పెట్టెలు గోదాములో మూలుగుతుంటే, ఇంకో దేశానికి సరుకు ఉండేది కాదు. 1990ల మొదట్లో దీనికి విరుగుడు డిజైన్‌లోనే దొరికింది. పవర్ సప్లైని చివర్లో తగిలించేలా మార్చి, ఆ పనిని ఐరోపా గోదాముకే అప్పగించారు. ఒక్కో ప్రింటర్ తయారీ ఖర్చు కాస్త పెరిగింది. అయినా తయారీ, రవాణా, నిల్వ కలిపి చూస్తే 25 శాతం దాకా ఆదా అయింది. డ్రాయింగ్ ఒక్కటే చూసే ఇంజినీరుకు ఆ మార్పు దండగ ఖర్చులాగే కనిపిస్తుంది.

ఈ సెలవుల్లో మీవాడి చేత ఓ పాత మిక్సీ విప్పించండి (వంటింట్లో నడుస్తున్నది మాత్రం ఇవ్వకండి!). విడిభాగాల జాబితా, అంటే బీఓఎం, రాయమనండి. స్క్రూలు ఎన్ని రకాలు? ఆరు రకాలుంటే రెండింటితో సరిపెట్టొచ్చా? ఏ భాగం ఒక్క సరఫరాదారు దగ్గరే దొరుకుతుంది? ఏది చివర్లో బిగించినా ఫర్వాలేదు? ఇదే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పనికొస్తుంది. ఆపరేషన్స్ రీసెర్చ్‌ను (లెక్కలతో మేలైన నిర్ణయాలు తీసుకోవడం నేర్పే సబ్జెక్టు) బట్టీ పట్టి గట్టెక్కకుండా, ఇన్వెంటరీ లెక్కలు, అంటే ఎంత సరుకు నిల్వ ఉంచాలన్నవి, ఎక్సెల్‌లో చేసి చూడమనండి.

డిజైన్, సప్లై చైన్ కలిసిన ఇలాంటి పనికి విడిగా పేరు పెట్టి క్యాంపస్‌లో ఉద్యోగాలు పెద్దగా రావు. వాల్యూ ఇంజినీరింగ్ (పనితీరు తగ్గకుండా ఖర్చు తగ్గించడం), సోర్సింగ్ (సరఫరాదారులను వెతికి కొనడం), కొత్త ఉత్పత్తుల అభివృద్ధి విభాగాల్లో వెతకాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువగానే ఉండొచ్చు, దానికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి. పైచదువుకైతే గేట్‌లో ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ పేపరుంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ విభాగముంది. 2023 దాకా నిటీ అనే పేరుతో ఉన్న ఐఐఎం ముంబైలో ఎంబీఏకి క్యాట్ రాయాలి. అయితే ఎంబీఏకు తొందరపడొద్దు. ముందు రెండు మూడేళ్లు ఫ్యాక్టరీలో పనిచేయనివ్వండి.