జెంటామైసిన్ పడిన ఆవుకు అటికమామిడి పసరు తాగించవచ్చా?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోస్కోటె. మా హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుకు పొదుగువాపు వస్తే డాక్టర్ గారు ఐదు రోజులు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూదులు వేశారు. నిన్నటితో అయిపోయాయి. ఆ మందు కిడ్నీలను దెబ్బతీస్తుందని, అటికమామిడి (పునర్నవ) మొక్కతో ఎలుకల్లో నయమైందని వాట్సాప్‌లో చూసి టెన్షన్‌గా ఉంది. పసరు తాగించమంటారా? పాలు డెయిరీకి పోయవచ్చా?

జవాబు: మీరు చూసింది అబద్ధం కాదు, సగం నిజం. జెంటామైసిన్ మూత్రంలోనే బయటికి పోతుంది. పోతూ పోతూ కొంత కిడ్నీ కణాల్లో పేరుకుని వాటిని చంపుతుంది. అందుకే ప్రయోగశాలల్లో ఎలుకల కిడ్నీలను కావాలని పాడుచేయడానికి ఈ మందునే వాడతారు. కిలో బరువుకు 80 నుంచి 100 మి.గ్రా. చొప్పున, వారం పైగా! ఆవుకు మామూలుగా వేసేది కిలోకు 4 మి.గ్రా. అటూఇటూ. కాబట్టి ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి.

ఆ ఎలుకలకు మూలికను చాలావరకు సూదులతో పాటే, కొన్నిసార్లు ముందునుంచే ఇస్తారు. మీ ఆవుకు సూదులు అయిపోయాయి. పైగా ఇచ్చేది పసరు కాదు, ఎండబెట్టిన సారం, కిలోకు 200 మి.గ్రా. పైనే. అదే లెక్కన 400 కిలోల ఆవుకు రోజుకు 80 గ్రాముల సారం కావాలి. దానికి ఎంత పచ్చిమొక్క పీకాలో మీరే చూడండి. అంత పోసినా నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని ఏం చేస్తాయో వేరే సంగతి. ఎలుకకు ఆ పొట్టే లేదు. అటికమామిడి అనుకుని తెల్ల గలిజేరు పీకేవాళ్లూ ఉన్నారు. దాంట్లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కిడ్నీకే బరువు. గొట్టంతో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఒకటి. నేనైతే తాగించను.

తొట్టిలో నీళ్లు తగ్గనివ్వకండి, కిడ్నీకి అదే పెద్ద కాపు. మెలోక్సికామ్ లాంటి నొప్పి మందులు సొంతంగా వేయకండి. మేత మానినా, మూత్రం తగ్గినా డాక్టర్ గారితో రక్తం తీయించి కిడ్నీ పనితీరు చెప్పే యూరియా, క్రియాటినిన్ చూపించండి. హెబ్బాళ పశువైద్య కళాశాల మీకు దూరమేమీ కాదు.

ఇక పాలు. డాక్టర్ గారిని అడిగి, ఆయన చెప్పిన రోజులు ఆగాల్సిందే. వాచిన చన్ను పాలు పారబోసి మిగతా మూడూ క్యాన్‌లో కలిపేవాళ్లను చూశాను. సూది మందు రక్తంలో తిరిగి నాలుగు చన్నుల్లోకీ వస్తుంది. కాచినా పోదు. పెరుగు తోడుకుంది కదా, ఇక పాలలో మందు లేదని అనుకోవద్దు, అది పరీక్ష కాదు. ఆ పాలు దూడకూ పట్టకండి.

మూలికలంటే నాకు చిన్నచూపేం లేదు. వాపు మిగిలి ఉంటే కలబంద 250 గ్రా., పసుపు 50 గ్రా., సున్నం 15 గ్రా. కలిపి మెత్తగా నూరండి. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి, ఈ ముద్దను కొంచెం కొంచెం నీళ్లలో కలిపి రోజుకు 8–10 సార్లు, 5 రోజులు పైపూతగా రాయండి. ఏ రోజుది ఆ రోజే నూరుకోవాలి.