లోపలి అడ్రస్‌ను బ్లాక్ చేసినా ట్రాఫిక్ ఆగడం లేదా?

ప్రశ్న: మా నెట్‌వర్క్‌కు లినక్స్ ఫైర్‌వాల్ ఉంది. లోపలి 192.168.1.47 నుంచి ముక్కూమొహం తెలియని ఐపీలకు 23, 2323 పోర్టుల మీద ఎడతెరిపి లేకుండా కనెక్షన్లు పోతున్నాయి. ఐపీటేబుల్స్ (లినక్స్‌లో ఫైర్‌వాల్ రూల్స్ రాసే సాధనం) ఇన్‌పుట్ చైన్‌లో (రూల్స్ వరుసలో) ఆ అడ్రస్‌ను డ్రాప్ చేసినా ఆగలేదు. ఎందుకని?

జవాబు: రూల్ పడాల్సిన చోట పడలేదు. ఇన్‌పుట్ చైన్ చూసేది ఫైర్‌వాల్ మెషిన్‌కే వచ్చే ప్యాకెట్లను. దాన్ని దాటి ఇంటర్నెట్‌కు పోయేవి ఫార్వర్డ్ చైన్ గుండా వెళ్తాయి. రూల్ అక్కడ ఉండాలి, అదీ అన్నిటికన్నా పైన. 'మైనస్ ఏ'తో రాస్తే అట్టడుగున చేరుతుంది. పైన 'ఎస్టాబ్లిష్డ్' కనెక్షన్లను అనుమతించే రూల్ ఉంటే, అప్పటికే తెరుచుకున్నవి దాని దగ్గరే దాటిపోతాయి, మీ రూల్ దాకా రావు. 'మైనస్ ఐ' వాడండి, అది రూల్‌ను పైన చేరుస్తుంది.

ఐపీని మాత్రం నమ్ముకోవద్దు, పరికరాలకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ రేపు ఇంకొకటి ఇవ్వొచ్చు. 'ఐపీ నైబర్' కమాండ్‌తో మ్యాక్ అడ్రస్ (పరికరం నెట్‌వర్క్ కార్డుకుండే గుర్తింపు) తీసి, రూల్‌ను దానికే కట్టండి. మ్యాక్‌లో మొదటి ఆరు అక్షరాలు సాధారణంగా తయారీదారును చెప్తాయి. రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది తయారీదారు ఇచ్చింది కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టిన మ్యాక్. ఎక్కువగా ఫోన్లలో కనిపిస్తుంది.

తర్వాత ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌ను లోపలి ఇంటర్‌ఫేస్ మీదే నడపండి. బయటి వైపు నాట్ (లోపలి అడ్రస్‌ల స్థానంలో ఫైర్‌వాల్ తన అడ్రస్ పెట్టడం) అయ్యాక అన్ని పరికరాలూ ఒకే అడ్రస్‌తో కనిపిస్తాయి. ప్యాకెట్‌కో కొత్త ఐపీకి సిన్‌లు (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్లు) మాత్రమే పోతుంటే అది స్కానింగే. 23, 2323 జంట 2016లో బయటపడ్డ మిరాయ్ రకం మాల్‌వేర్ తీరు. కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు దానికి ఎక్కువగా చిక్కుతాయి. మిరాయ్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి రీబూట్‌తో పోతుంది. కానీ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తోనే నెట్‌కు తగిలిస్తే నిమిషాల్లో మళ్లీ పట్టుకోవచ్చు. అందుకే ముందు కేబుల్ తీసి రీబూట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చి ఫర్మ్‌వేర్ ఎక్కించండి, రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే సౌకర్యం) ఆపండి, ఆ తర్వాతే కలపండి. టెల్నెట్ (23 పోర్టు మీద దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) పాస్‌వర్డ్ మార్చే వీలే లేని పరికరాలున్నాయి. వాటికి బయటి దారి శాశ్వతంగా మూసేయడమే మేలు.

ఐపీటేబుల్స్ రూల్ ఐపీవీ6 (కొత్త రకం పొడుగు అడ్రస్‌ల) ట్రాఫిక్‌కు వర్తించదు, ఐపీ6టేబుల్స్‌లో విడిగా రాయాలి. ఒకే స్విచ్ మీదున్న పరికరాల మధ్య ట్రాఫిక్ అసలు ఫైర్‌వాల్ దాకా రాదు, కాబట్టి ఆ పరికరాన్ని వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్‌లో) పెట్టండి.

లాగ్‌లో 239.255.255.250కు 1900 పోర్టు మీద, 224.0.0.251కు 5353 మీద పోయేవి కూడా కనిపిస్తాయి. అవి పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే మామూలు మాటలు, వాటిని బ్లాక్ చేస్తే ప్రింటర్ దొరక్కపోవచ్చు.