ఇద్దరే పోయేటోళ్లకు ఎసొంటి బోటు కావాలె

హన్మకొండ

చిరంజీవి శ్రీధర్‌కు, కోడలు మమతకు,

పెద్దబాపు ఆశీస్సులు. కాకినాడ కాడ మొదలువెట్టి తీరం పొంటి నెలలకు నెలలు తిరగాలనుకుంటున్నమని, దానికి 42 అడుగుల తెరచాప బోటు చూసినమని రాసినవు. ఫోటోలల్ల సోఫాలు, వంటగట్టు బాగనే ఉన్నయి. గని ఆ బోటు మీకు పనికిరాదు.

బోటు మీద ఇద్దరున్నరంటే పనికి అందుబాటుల ఉండేది ఒక్కరే. రాత్రి ప్రయాణంల ఒకరు కాపలా ఉంటే ఒకరు పండుకోవాలె, లేకుంటే రెండో రోజుకు ఇద్దరి బుర్రలూ పనిచెయ్యవు. అందుకని మీ ఇద్దరిల బలం తక్కువున్న మనిషి, రెండో మనిషిని లేపకుంట, తెరచాప కుదించాలె, లంగరు వేసి తియ్యాలె, బోటును జెట్టీకి ఆనించాలె. ఈ మూడు కాకపోతే ఆ బోటు ఎంత సస్తాకు వచ్చినా వద్దు. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలైతది. 12 నాట్ల (గంటకు దగ్గర దగ్గర 22 కిలోమీటర్ల) గాలిల మమత చేత్తోని గుంజిన తాడు 24 నాట్లల వించ్ (తాడు గుంజే గిర్ర) లేకుంట కదలదు.

నా లెక్కల మీకు 31 నుంచి 35 అడుగులు చాలు. పెద్ద తెరచాప 30 చదరపు మీటర్లు దాటొద్దు. ముందటి తెరచాప కూసున్న కాడికెల్లే చుట్టుకునేటట్టు ఫర్లర్ ఉండాలె. పెద్ద తెరచాపకు మూడు రీఫులు (గాలి పెరిగితే తెరచాపను అంచెలంచెలుగ కుదించే మడతలు) కుట్టించుండ్రి. మాస్ట్ (తెరచాప స్తంభం) లోపలికి చుట్టుకునే రకం చూడటానికి సుఖమే, గని గుడ్డ పాతబడి సాగినంక మడతవడి ఇరుక్కుంటది. గాలి పెరిగేటప్పుడు సగం లోపల, సగం బయట ఆగిపోతే దించరాదు, చుట్టరాదు. క్యాటమరాన్ (రెండు పొట్టల బోటు) సంగతి అడిగినవు. ఊగదు, జాగ ఎక్కువ. గని వెడల్పుకు తగ్గ జెట్టీ దొరకదు, ధర సుత మీ లెక్కకు రాదు.

ఇగ అడుగుభాగం. అమ్మేటోళ్లు దీని ముచ్చట తియ్యరు, మన తీరంల అన్నిటికన్న పెద్ద ముచ్చట ఇదే. రాత్రి పూట వలలు వరుసగ పరిచి ఉంటయి. గుర్తుకు ఒక జెండానో, థర్మాకోల్ ముక్కనో, మినుకుమినుకుమనే చిన్న లైటో. చిన్న పడవలు చాలామటుకు ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలను చూపెట్టే యంత్రం) తెర మీద కనవడయి. సన్నని కీల్ (బోటు అడుగున ఉండే బరువు రెక్క), దానికి దూరంగ ఒంటరిగ వేలాడే చుక్కాని, నడుమ ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ దాకా కిందికి దిగిన సెయిల్‌డ్రైవ్ కాలు ఉన్న బోటు వల మీదికి పోతే, తాడు ఆ సందుల చిక్కి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటది, ఇంజిన్ ఆగుతది. అదే కీల్ పొడుగ్గ ఉండి, చుక్కాని ముందట స్కెగ్ (చుక్కానిని కాపాడే రెక్క) ఉండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ నుంచి వచ్చే ఇరుసు) మీద ఉంటే వల చాలాసార్లు కింది నుంచి జారిపోతది. వేగం కొంచెం తక్కువైతది, కానియ్యి. షాఫ్ట్‌కు తాడు కోసే కట్టర్ బిగించుకోవచ్చు. వల తగిలిందని అనుమానమొస్తే వెంటనే న్యూట్రల్ చెయ్యాలె. రివర్స్ వేస్తే ఇంకింత చుట్టుకుంటది. వల ఒకరి బువ్వ, కోసుడు ఆఖరి మాట.

తూర్పు తీరంల మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అప్పుడు సముద్రం ఖాళీగ ఉంటది గదా అని పోకుండ్రి, ఏప్రిల్, మే నెలలు తుఫాన్ల కాలం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అదే కథ. జనవరి నుంచి మార్చి నడుమ దాకా మీకు మంచి కాలం. పడమటి తీరం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బంద్ అనుకోవాలె.

నీళ్లల మునిగే భాగం ఒకటిన్నర మీటర్ల లోపు ఉంటే మంచిది. గోదావరి పాయల మొగల కాడ ఇసుక మేటలు జరుగుతనే ఉంటయి, పోయినేడు చూసిన లోతు ఈయేడు ఉండదు. రామేశ్వరం పక్కన పాంబన్ కాడ సుత లోతు తక్కువ. లోతుకు దిగే కీల్ ఉన్న బోటైతే శ్రీలంక చుట్టు తిరిగి రావాలె.

తూర్పు దిక్కు పడవలకని కట్టిన మరీనాలు లేనట్టే, పడమట కొచ్చిల ఒకటున్నది. అంటే మీరు ఎక్కువ రాత్రులు లంగరు మీదనే ఉంటరు. 34 అడుగుల బోటుకు 20 కిలోల కొత్తరకం లంగరు, 8 మిల్లీమీటర్ల గొలుసు 60 మీటర్లు పెట్టుకోండ్రి. గొలుసు మీటరుకు కిలోన్నర దాకా తూగుతది. 10 మీటర్ల లోతుల వేలాడేటప్పుడు లంగరుతోని కలిసి 35 కిలోలు, అది ఊగే ముందట నిలవడి చేత్తోని గుంజే పని కాదు. కరెంటు విండ్‌లాస్ (లంగరు గొలుసు గుంజే యంత్రం) కావాలె, అది చెడిపోతే చేత్తోని తిప్పే లీవర్ సుత ఉండాలె. లోతుకు ఐదింతల గొలుసు వదలాలె, గాలి లేస్తే ఏడింతలు.

మూడో మనిషి ఆటోపైలట్, అంటే చుక్కానిని తనంతట తనే తిప్పే యంత్రం. కొనే ముందు అలల మీద గంటసేపు దానికి అప్పజెప్పి చూడుండ్రి. చుక్కాని ఊకె అటిటు కొడుతుంటే బోటు సమతూకం బాగలేనట్టు, బ్యాటరీ తిని పారేస్తది. సగటున 3 ఆంప్స్ అనుకున్నా రోజుకు 72 ఆంపియర్ అవర్లు. ఫ్రిజ్, లైట్లు, ఏఐఎస్ కలిపితే 140. దీనికి 400 వాట్ల సోలార్ పలకలు, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ సరిపోతయి. మబ్బు రోజుల్ల ఫ్రిజ్ బంద్ చేసుకోవాలె.

ఇగ కొనుడు. బోటును నీళ్లల నుంచి బయటికి తీపియ్యకుంట బేరమాడితే అంగట్ల నోరు తెరిచి పండ్లు చూడకుంట ఎద్దును కొన్నట్టే. పొట్ట మీద ప్లాస్టిక్ సుత్తితోని కొట్టుకుంట పోవాలె. గట్టి సప్పుడు మారి బొద్దుగ వినిపిస్తే అక్కడ పొరలు విడిచినయి. డెక్ మీద రెయిలింగ్ స్తంభాల చుట్టు మడమతోని తొక్కితే మెత్తగ తగిలితే లోపలి చెక్క నీళ్లు తాగింది. నీళ్ల వాల్వును గోరు మందం గీకితే పసుపు కాకుండ గులాబీ రంగు అగుపడితే ఆ ఇత్తడిల జింక్ పోయింది, ఒకనాడు చేతిలనే విరుగుతది.

మాస్ట్ తీగలు ఎన్నడు మార్చిన్రో బిల్లు అడుగు. 10 ఏండ్లు దాటితే కొత్తవి లెక్కల వేసుకో. తీగల కన్న వాటిని పట్టుకున్న చెయిన్‌ప్లేట్లు ముఖ్యం. లోపలి చెక్క పలక విప్పించి, స్టీలు పట్టీ డెక్‌ల నుంచి దిగే కాడ టార్చి కొట్టి చూడు. సన్నని గోధుమరంగు గీత, దాని కింద సూదిమొన గుంతలు కనవడితే పట్టీ లోపల తింటున్నది. బయట మెరుస్తున్నదని మోసపోవద్దు.

ఇంజిన్ 25 హార్స్‌పవర్ డీజిల్ ఉంటే చాలు. పోయిన వెంటనే చెయ్యి పెట్టి చూడు, వెచ్చగ ఉంటే నీకంటె ముందే స్టార్ట్ చేసిన్రన్నట్టు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరే నిజం చెప్తది. నూనె పాలలెక్క తెల్లగున్నదంటే లోపలికి నీళ్లొచ్చినయి.

మనిషి నీళ్లల పడితే ఉన్న ఒక్కరు పైకి గుంజాలె. నీళ్లల మూడు మెట్లు మునిగే నిచ్చెన వెనుక ఉండాలె, బూమ్‌కు (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్రకు) తగిలిచ్చే ఆరింతల కప్పీ ఉండాలె. లైఫ్ జాకెట్ కట్టుకోని ఒకరినొకరు గుంజి చూసుకున్నంకనే పైకం కట్టుండ్రి. వీహెచ్ఎఫ్ రేడియోల 16వ చానల్, కోస్ట్‌గార్డ్ ఫోన్ నంబర్ 1554 ఇద్దరికీ నోటికి రావాలె.

కొన్నంక పైకంల నాలుగో వంతు చేతిల మిగలాలె, మొదటి ఏడాది రిపేర్లు దాన్ని మింగుతయి. ముందుగాల మమతను హైదరాబాద్ తోలుకపోయి హుస్సేన్‌సాగర్‌ల చిన్న తెరచాప డింగీ మీద నేర్పియ్యి. లక్నవరంల మోటర్ బోటు ఎక్కితే గాలి ముచ్చట తెల్వదు.

33 అడుగులదేదో చెన్నైల ఉన్నదన్నవు గదా. కీల్ బోల్టులు, చెయిన్‌ప్లేట్లు, చుక్కాని బేరింగు, ఈ మూడింటి ఫోటోలు దగ్గరికెల్లి తీపిచ్చి పంపు. అవి చూసినంకనే బయానా సంగతి మాట్లాడుకుందాం.

మీ పెద్దబాపు